కూరగాయ తోటలో బోరాన్ ఎక్కువైతే: ఆకు చూసి పట్టుకోవడం నుంచి నేల కడగడం దాకా

కళ్యాణదుర్గం వైపు మా తోటలో ఒక చలికాలం ఇరవై సెంట్లలో బీన్స్ పెట్టాను. నెల తిరగ్గానే కింది ఆకుల అంచులు జరీ అంచులా పసుపు తిరిగాయి. వారానికి ఆ పసుపు గోధుమ రంగైంది, ఆకు అంచు అప్పడంలా విరిగిపోతోంది. పొటాష్ లోపం అనుకుని డ్రిప్పులో పొటాష్ వదిలాను. తగ్గలేదు. మందుల అంగడికి ఆకు పట్టుకుపోతే, "సూక్ష్మపోషకాలు తగ్గినాయి సామీ, ఇది కొట్టు" అని ప్యాకెట్టు ఇచ్చారు. కొట్టాను. ఆ ప్యాకెట్టు వెనక ఉన్న అక్షరాలు చదివింది పంట పోయాక. అందులో బోరాన్ ఉంది, చెట్టుకు చిటికెడు మాత్రమే కావాల్సిన పోషకం అది. బోరాన్ ఎక్కువై మాడుతున్న చెట్టుకు నేను ఇంకాస్త బోరాన్ పోశానన్నమాట.

ఆ తప్పు ఇంకొకరు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. అనంతపురం, కర్నూలు, కడప ఎర్రనేలల్లో బోరాన్ లోపమే ఎక్కువగా కనిపిస్తుంది, బోరాన్ ఎక్కువవడం అరుదు. కాబట్టి ఆకు అంచు మాడగానే బోరాన్ అతి అయిందని టెన్షన్ పడొద్దు. అలాగని పరీక్ష చేయకుండా లోపం అని కూడా తేల్చేయొద్దు. మిగతా పోషకాల్లో చాలా వాటికి చాలకపోవడానికీ ఎక్కువవడానికీ మధ్య పెద్ద మైదానం ఉంటుంది, బోరాన్‌కు మాత్రం గట్టంత దారే. మట్టిలో వేడినీటితో తీసి కొలిస్తే 0.5 పీపీఎం (పది లక్షల వంతుల్లో అర వంతు) లోపు లోపం కింద లెక్క, సున్నితమైన పంటలకు 2 దాటినప్పటి నుంచే ఇబ్బంది మొదలవ్వచ్చు.

మొదటి పని: మాడింది ముదురాకా, చిగురా?

తోటలోకి పొద్దున్నే వెళ్లండి, ఎండకు ఆకు వాలిపోకముందే. ఒక చెట్టు పట్టుకుని కింది నుంచి పైకి చూడండి.

బోరాన్ నీళ్లతో పాటే వేరులోకి వెళ్లి, నీళ్లతో పాటే ఆకు కొసకు చేరుతుంది. అక్కడ నీరు ఆవిరైపోతుంది, బోరాన్ మిగులుతుంది. కాగులో రోజూ నీళ్లు కాస్తే లోపల తెల్లగా గార కడుతుంది చూడండి, ఆకు అంచులో జరిగేదీ అదే. చాలా కూరగాయల్లో అక్కడికి చేరిన బోరాన్ తిరిగి చిగురుకు పోలేదు. ఎక్కువ రోజులు నీళ్లు లాగిన ఆకులో ఎక్కువ పోగవుతుంది. అందుకే ముదురాకు ముందు మాడుతుంది, చిగురు చాలా రోజులు పచ్చగానే ఉంటుంది. లోపం అయితే దీనికి పూర్తిగా తిరుగు: చిగురు ముడుచుకుంటుంది, మొగ్గ చచ్చిపోతుంది, పూత రాలుతుంది, కాలీఫ్లవర్ కాడ లోపల గుల్లవుతుంది, పువ్వు గోధుమ రంగు తిరుగుతుంది.

మాడే తీరు ఆకును బట్టి ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి లాంటి పొడవాటి ఆకులకు ఈనెలు కొస దాకా నిటారుగా పోతాయి, కాబట్టి కొస నుంచి కిందికి మాడుతుంది. టమాట, బీన్స్, మిరప లాంటి వాటికి ఈనెలు వల అల్లినట్టు ఉండి అంచుల్లో ఆగుతాయి, మాడేదీ అంచే. దోస, సొర, బీర లాంటి తీగల్లో ముదురాకు అంచు చుట్టూ పసుపు పట్టీ కట్టి, తర్వాత ఆ పట్టీ ఎండిపోతుంది. బీన్స్‌లో ఇంకో గుర్తు ఉంటుంది: ఆకును వెలుగుకు ఎత్తి పట్టుకుంటే మాడిన అంచుకు కాస్త లోపల, ఈనెల మధ్య, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గోధుమ చుక్కలు కనిపిస్తాయి. మా మడిలో ఆ చుక్కలను నేను పది రోజులు చూస్తూనే ఉన్నాను, ఏదో తెగులని మందు కూడా కొట్టాను.

ఆకు ఒక్కటే కాదు, వేరు చివర కణాలు రెండుగా చీలి పెరగడం మందగించి వేరు పొట్టిదవుతుంది. ఆకులో పచ్చదనం తగ్గి చెట్టు గిడసబారుతుంది. మొలక దశలోనే ఎక్కువైతే గింజ ఆలస్యంగా, ఎగుడుదిగుడుగా మొలుస్తుంది. పూత పూసినా పిందె నిలవదు, కాయ సైజు తగ్గుతుంది. ఆకు మాడకముందే దిగుబడి పడిపోవడమూ ఉంది, అది లెక్క రాసుకునేవాళ్లకే తెలుస్తుంది.

అచ్చం ఇలాగే కనిపించేవి

పొటాష్ లోపంలోనూ ముదురాకు అంచే మాడుతుంది, నన్ను పడగొట్టింది అదే. తేడా చెప్పాలంటే, పొటాష్ తగ్గిన ఆకులో అంచు మాడు ఒకే పట్టీగా వస్తుంది, లోపల ఆ చుక్కలు సాధారణంగా ఉండవు. పొటాష్ ఇస్తే కొత్తగా వచ్చే ఆకులు బాగుంటాయి.

ఉప్పు నీళ్ల వల్ల కూడా అంచు మాడుతుంది. అప్పుడు డ్రిప్పర్ చుట్టూ, సాలు గట్టు మీద తెల్లటి పొర కనిపిస్తుంది, నీళ్లు పెట్టినా మధ్యాహ్నం చెట్టు వాడుతుంది. మన బోర్లలో ఉప్పూ బోరానూ కలిసి రావడమూ ఉంది. అందుకని తెల్ల పొర కనపడగానే బోరాన్ లేదని కొట్టిపారేయకండి.

మందు ఘాటు ఎక్కువై మాడితే ఒక్క రోజులో, పిచికారీ పడిన వైపు మాత్రమే, ముదురు లేత తేడా లేకుండా మాడుతుంది. దాన్ని గుర్తుపట్టడం సులువు.

చీని (బత్తాయి) తోట ఉన్నవాళ్లకు ఇంకో కొండగుర్తు. నిమ్మ, చీని జాతి చెట్లు బోరాన్‌కు చాలా సున్నితం. అదే బోరు నీళ్లు చీనికీ టమాటకీ పోతుంటే, టమాట గమ్మున ఉన్నా చీని ముందు చెబుతుంది: ఆకు కొస పసుపు తిరిగి, మాడి, ముదురాకు ముందే రాలుతుంది. మా చీని చెట్లు రెండేళ్లుగా అలాగే చెబుతూ వచ్చాయి. ఎండకు అనుకున్నాం.

రెండో పని: బోరు నీళ్లు పరీక్షకు పంపండి

బోరాన్ ఎక్కువైందంటే చాలాసార్లు దారి నేల కాదు, నీరు. లెక్క చూడండి. ఎకరం టమాటకు సీజన్లో 500 మిల్లీమీటర్ల నీరు పెట్టామనుకుందాం, అది 20 లక్షల లీటర్లు. నీటిలో బోరాన్ 1 పీపీఎం ఉంటే లీటరుకు 1 మిల్లీగ్రాము, మొత్తం 2 కిలోల బోరాన్. బోరాక్స్‌లో బోరాన్ 10.5 శాతం కాబట్టి అది 19 కిలోల బోరాక్స్ చల్లినట్టు. లోపం ఉన్న నేలకు మామూలుగా చెప్పేది ఎకరానికి నాలుగైదు కిలోలు. మనం ఒక్క చిటికె వేయకపోయినా బోరు మోటారు ప్రతి పంటకూ దానికి నాలుగైదు రెట్లు వేస్తూ పోతుంది.

సీసా నింపడంలోనే చాలామంది పరీక్ష పాడుచేస్తారు. గాజు సీసా వద్దు, గాజులో బోరాన్ ఉండే రకాలున్నాయి. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, సబ్బు పొడితో కడిగింది కాకూడదు, కొన్ని సబ్బు పొడుల్లో కూడా బోరాన్ ఉంటుంది. మోటారు వేసి 15, 20 నిమిషాలు వదలండి, పైపులో నిలిచిన నీరు పోవాలి. అదే నీళ్లతో సీసా మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నిండా పట్టి మూత బిగించండి. బోరు పేరు, లోతు, తేదీ సీసా మీదే రాయండి. రెండు బోర్లుంటే రెండు సీసాలు, కలపొద్దు.

ప్రయోగశాలలో సీసా ఇచ్చేటప్పుడు "బోరాన్ కూడా చూడండి" అని నోటితో చెప్పి, కాగితం మీద రాయించుకోండి. మామూలు సాగునీటి పరీక్షలో ఉప్పు, ఉదజని సూచిక (పీహెచ్), సోడియం, బైకార్బొనేట్ లాంటివి చూసి పంపేస్తారు. అడగకపోతే బోరాన్ గడి ఖాళీగానే వస్తుంది. ఎక్కడ చేస్తారో ముందు ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడగండి. లేదంటే అనంతపురం వాళ్లు రెడ్డిపల్లి, కర్నూలు వాళ్లు బనవాసి, నంద్యాల వైపు వాళ్లు యాగంటిపల్లె, కడప వాళ్లు ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాలను అడిగితే దారి చెబుతారు.

రిపోర్టు వచ్చాక చదవడం ఇలా: 0.7 పీపీఎం లోపు ఉంటే ఏ కూరగాయకైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు, బీన్స్ లాంటి మరీ సున్నితమైన వాటిని కాస్త కనిపెట్టి ఉంటే చాలు. 0.7 నుంచి 3 మధ్య అయితే పంట చూసి పెట్టాలి. 3 దాటితే ఆ నీటితో చాలా కూరగాయలు వద్దు. తాగే నీటిలో బోరాన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 2.4. అంటే మనం కుండలో పోసుకుని తాగే నీరు బీన్స్ మడిని మాడ్చగలదు. "మేం తాగే నీళ్లేగా అన్నా, పంటకేమవుతుంది" అనే మాట ఇక్కడ పనిచేయదు.

మట్టి, ఆకు

నేల ఆరోగ్య కార్డులో చూసే 12 అంశాల్లో బోరాన్ ఒకటి. మీ దగ్గర కార్డు ఉంటే తీసి చూడండి, చాలామంది ఇళ్లలో అది పాసు పుస్తకం లోపల మడత పెట్టినట్టే ఉంటుంది. అయితే ఆ నమూనా మీ పొలంలో ఎక్కడ తీశారో చూసుకోవాలి. డ్రిప్పు మడిలో బోరాన్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. డ్రిప్పర్ కింద నీరు కడుగుతూ ఉంటుంది, తడి వలయం అంచున పోగవుతుంది. అందుకని రెండు నమూనాలు తీయండి: డ్రిప్పర్ దగ్గర ఒకటి, తడి ఆగే అంచున ఒకటి. పారతో 15 సెంటీమీటర్ల లోతు వి ఆకారంలో గుంట తీసి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా సమానంగా ఒక పొర గీకండి. పది చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలోకు తేండి. ఎరువు కుప్ప వేసిన చోటు, గట్టు, చెట్టు నీడ వదిలేయండి.

ఆకు పరీక్ష ఖరీదు. చేయించగలిగితే ఎండిన ఆకు పొడిలో 250, 300 పీపీఎం దాటితే సాధారణంగా బోరాన్ ఎక్కువైన లక్షణాలు కనిపించే స్థాయి అని గుర్తుంచుకోండి.

పరీక్షకు ఆగలేనివాళ్లకు ఇంటి పరీక్ష ఉంది. నాలుగు కుండీలు తీసుకోండి. రెండింట్లో అనుమానం ఉన్న మట్టి, రెండింట్లో చెరువు మట్టో, బాగా పండే వేరే మట్టో. అన్నింట్లో పది పది పెసలు వేయండి, పెసర బోరాన్‌కు సున్నితమైన పంట. ఒక్కో రకం మట్టిలో ఒక కుండీకి బోరు నీరు, ఇంకోదానికి వాన నీరు పోయండి. మూడు నాలుగు వారాలు చూడండి. మంచి మట్టిలో బోరు నీళ్లు పోసిన కుండీలోనే ముదురాకు అంచు మాడితే తప్పు నీటిది. వాన నీరు పోసినా మీ మట్టి కుండీలో మాడితే బోరాన్ నేలలో కూడా చేరింది. ఇది అంకె చెప్పదు, దారి చెబుతుంది. ఉప్పు వల్ల కూడా ఇలాగే మాడవచ్చు కాబట్టి సీసా పంపడం మానొద్దు.

మూడో పని: వేసేవన్నీ ఆపి సంచుల వెనక చదవండి

బోరాన్ అని పేరు పెట్టుకుని వచ్చేవే కాదు, చాలా వాటిలో అది ఉంటుంది. పిచికారీకి వాడే 20 శాతం బోరాన్ పొడి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ (ఇందులో 17 శాతం దాకా) అందరికీ తెలుసు. సూక్ష్మపోషకాల మిశ్రమాల్లో కూడా ఉంటుంది. బోరాన్ కలిపిన కాల్షియం నైట్రేట్‌లో పావు శాతం ఉంటుంది, 25 కిలోల సంచికి అరవై గ్రాములు పైన. ఒక్కొక్కటి విడిగా చూస్తే తక్కువే, టమాటకు నాలుగు రకాలూ వాడేవాళ్లను నేను చూశాను, లెక్క ఎవరూ కలపరు.

బొగ్గు బూడిద సంగతి జాగ్రత్త. ఇటుక బట్టీలకు తోలే బూడిద చవగ్గా దొరుకుతుందని కూరగాయ మళ్లకు చల్లేవాళ్లున్నారు. అందులో బోరాన్ ఎక్కువగా ఉండొచ్చు, తాజాదైతే మరీ. పొయ్యి కట్టెల బూడిద దోసెడు వేస్తే ఏమీ కాదు, ట్రాక్టరు లోడు బొగ్గు బూడిద వేరే సంగతి.

మేడ మీద కుండీల్లో పెంచుకునేవాళ్లకు కూడా ఒక మాట. బోరాక్స్ అంటే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో అతుకు పెట్టడానికి వాడే వెలిగారమే. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు చాలావరకు బోరిక్ పౌడరే. చీమలకనో, చెట్టుకు బలమనో వాటిని కుండీలో స్పూనుతో వేస్తుంటారు. పది కిలోల మట్టికి ఒక్క గ్రాము బోరిక్ పౌడరు పడితే 17 పీపీఎం. కుండీలో అది పోవడానికి దారి కూడా తక్కువ.

పిచికారీ కొలత తప్పితే? 20 శాతం బోరాన్ లీటరుకు 1 నుంచి 1.5 గ్రాములు, 15 లీటర్ల ట్యాంకుకు 15 నుంచి 22 గ్రాములు. గుప్పిటతో వేయకండి, ప్రొద్దుటూరు తూకం అక్కర్లేదు గానీ కిరాణా అంగడి చిన్న త్రాసైనా ఉండాలి. ఎక్కువ కొట్టామని అదే పూట తెలిస్తే మంచినీళ్లతో ఆకు తడిసి కారేలా ఒకసారి కొట్టండి, కొంత కడిగిపోతుంది. మర్నాడు తెలిస్తే దానివల్ల ఒరిగేది తక్కువ. దీనికి విరుగుడని అమ్మే టానిక్కులేవీ కొనకండి. చెట్టు లోపలికి వెళ్లిన బోరాన్‌ను బయటికి లాగే మందు లేదు.

నాలుగో పని: నేల కడగడం

ఎక్కువైన బోరాన్‌ను తీయాలంటే నీటితో కిందికి దింపడమే దారి. ఇది చెప్పినంత సులువు కాదు. ఉప్పు త్వరగా దిగుతుంది, బోరాన్ మట్టి రేణువులను పట్టుకుని వేలాడుతుంది, అంతే లోతును కడగడానికి ఉప్పుకు పట్టే నీటికి రెండు మూడు రెట్లు పడుతుంది. ఒక అడుగు లోతు మట్టిలో ఉప్పు చాలావరకు పోవడానికి సుమారు ఒక అడుగు నీరు చాలనుకుంటే, బోరాన్‌కు రెండు మూడు అడుగులు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వాన 550 మిల్లీమీటర్లు, అంటే రెండు అడుగుల కంటే తక్కువ. ఏడాది వానంతా ఒక్క చుక్క బయటికి పోకుండా మడిలోనే ఇంకినా పని అరకొరగానే అవుతుంది.

అయినా చేయాలి, ఎందుకంటే ఇంకో దారి లేదు. ఎర్ర ఇసుక నేలల్లో కాస్త త్వరగా కడుగుతుంది. నల్లరేగడిలో నెమ్మది, కింద నీరు పోయే దారి లేకపోతే అసలు కడగదు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు ముందే మడికి గట్లు వేసి, వాన నీరు పారిపోకుండా లోపలే ఇంకేలా చేయండి. చెరువు నీరో కాలువ నీరో దొరికితే ఒకేసారి నింపేయడం కంటే, ఇంకనిచ్చి మళ్లీ పెట్టడం మేలు. ఎక్కువ బోరాన్ ఉన్న అదే బోరు నీటితో కడగాలని చూడకండి.

మట్టిలో సోడియం ఎక్కువై ఉదజని సూచిక 8.5 దాటి ఉంటే, కడగడానికి ముందు జిప్సం వేయాలి. వేరుశనగకు పూత దశలో ఎకరానికి 200 కిలోలు వేస్తామే, అది పంటకు పోషకంగా వేసేది. చవుడు నేల బాగుకు వేసేది ప్రయోగశాల చెప్పిన మోతాదులో, చాలా ఎక్కువ. జిప్సం సోడియాన్ని దింపుతుంది, కరిగి ఉన్న బోరాన్‌లో కొంత భాగాన్ని కాల్షియంతో కట్టేస్తుంది. నేల పులుపు పెంచుదామని యాసిడ్ పోయడం మాత్రం తప్పు, పులుపు పెరిగితే బోరాన్ ఇంకా సులువుగా వేరుకు అందుతుంది.

డ్రిప్పు వాడేవాళ్లకు ఒక సంగతి. చిన్న జల్లు పడగానే మోటారు ఆపేయకండి. ఆ జల్లు తడి వలయం అంచున పోగైన బోరాన్‌ను, ఉప్పును వేరు దగ్గరికి తోసేస్తుంది. వాన పడుతుండగా డ్రిప్పు నడుస్తుంటే అది బయటి వైపే ఉంటుంది. నేను వాన రాగానే మోటారు ఆపి మురిసిపోయినవాణ్ణే, రెండు రోజులకు చెట్టు నీరసించింది ఎందుకో చాన్నాళ్లు అర్థం కాలేదు.

రాలిన మాడు ఆకులను ఏరి మడి బయట పడేయండి. చెట్టు కూడబెట్టిన బోరాన్ ఎక్కువ భాగం వాటిలోనే ఉంటుంది, అదే మడికి కంపోస్టు చేస్తే తిరిగి తెచ్చి పోసినట్టే.

ఐదో పని: నీరు కలపడం, పంట మార్చడం

ఇదే నాకు అన్నిటికంటే పనికొచ్చింది. ఫారం పాండ్‌లో వాన నీరుంటే, లేదా హంద్రీ-నీవా కాలువ నీళ్లు మీ చెరువుకు వస్తుంటే, రెండూ కలిపి పెట్టొచ్చు. బోరులో 1.8, చెరువులో 0.2 పీపీఎం ఉంటే సగం సగం కలిపితే 1.0 అవుతుంది. ఒక వంతు బోరు, రెండు వంతులు చెరువు అయితే 0.73. ట్యాంకులో కలపడం కుదరకపోతే ఒక తడి బోరు నీరు, ఇంకో తడి చెరువు నీరు పెట్టండి. మంచినీరు తక్కువ ఉంటే అది నారుమడికీ, నాటిన మొదటి నెలకూ దాచండి. వేసవిలో కూరగాయలకు బోరు నీరు పెట్టక తప్పకపోతే మల్చింగ్ (నేల మీద గడ్డో షీటో కప్పడం) వేయండి. ఎండ ముదిరేకొద్దీ చెట్టు ఎక్కువ నీరు లాగుతుంది, ఎక్కువ బోరాన్ ఆకుకు చేరుతుంది, ఏప్రిల్, మే నెలల్లో మాడు ఎక్కువ కనిపించేది అందుకే.

పంటల వరుస ఇలా గుర్తు పెట్టుకోండి. ఈ అంకెలు వేరు దగ్గర నేల తడిలో ఉండే బోరాన్‌కు. నీరు ఆవిరయ్యేకొద్దీ అది బోరు నీటి కంటే చిక్కబడుతుంది కాబట్టి మీ నీటి అంకె వీటికి కాస్త కిందే ఉండాలి. 1 పీపీఎం కూడా తట్టుకోలేనివి బీన్స్, పెసర, చిలగడదుంప, వేరుశనగ. 1 నుంచి 2 మధ్య మిరప, దోస, క్యారెట్, ముల్లంగి, బఠాణీ, బంగాళాదుంప. 2 నుంచి 4 దాకా క్యాబేజీ, కర్బూజ, మొక్కజొన్న. 4 నుంచి 6 దాకా టమాట, బీట్‌రూట్, జొన్న. అంతకు మించి తట్టుకునేది పత్తి. ఉల్లి దగ్గర పాత పట్టికలకూ తర్వాతి ప్రయోగాలకూ పొంతన లేదు. ముందు సున్నితం అన్నారు, తర్వాత బాగానే తట్టుకుంటుందని తేలింది. కర్నూలు ఉల్లి రైతులు పాత పట్టిక చూసి బెదిరి పంట మానుకోవద్దు, ఒక మడి వేసి చూడండి.

పత్తికొండ, కళ్యాణదుర్గం వైపు టమాట ఎక్కువగా వేసేవాళ్లకు ఇది మంచి కబురే, మోసం కూడా. టమాట తట్టుకుంటుంది కదా అని ఏళ్ల తరబడి అదే నీరు పోస్తూ పోతే నేలలో బోరాన్ చేరుతూనే ఉంటుంది, తర్వాత అదే మడిలో మిరప వేసిన రోజున బయటపడుతుంది.

జింక్ లోపం ఉన్న నేలల్లో బోరాన్ ఎక్కువైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కార్డులో జింక్ తక్కువ అని ఉంటే ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ దుక్కిలో వేయండి.

మా ఇరవై సెంట్లలో ఆ ఏడాది బీన్స్ పీకేసి గట్లు వేసి వానలకు వదిలాను. మరుసటి ఏడాది బీట్‌రూట్ వేశాం, ఆకు అంచు చెక్కు చెదరలేదు. మళ్లీ బీన్స్ వేయాలని మా ఆవిడ అడుగుతూనే ఉంది. మేడ మీద కుండీలో పెసలు వేసి, బోరు నీళ్లు పోసి పెట్టాను. మొన్నటికి మూడో వారం, కింది ఆకులు ఇంకా మాడుతూనే ఉన్నాయి.